తూరలో గొంతు

శ్రీకాకుళంలో మా వీధికి ఈమధ్య సిమెంటు రోడ్డు వేశారు. పోసిన సిమెంటు మీద గోనెసంచులు పరిచి పొద్దునా సాయంత్రమూ రబ్బరు గొట్టంతో తడుపుతున్నారు. ఎండ ఎక్కేసరికి తడి గోనె, పచ్చి సిమెంటు కలిసి ఒక వాసన లేస్తుంది. చల్లగా ఉంటుంది, కాస్త ఉప్పగా ఉంటుంది, ముక్కు లోపల గరుకుగా తగులుతుంది. రోడ్డు వచ్చిందని వీధి వీధంతా సంబరపడుతుంటే నేను మాత్రం కిటికీ మూసుకుని కూచుంటున్నాను. దెయ్యాలు లేవని ఊరూరా తిరిగి సభల్లో వాదించిన మనిషిని. నాలుగురోడ్ల కూడలిలో దిష్టి తీసి పారేసిన నిమ్మకాయ కనిపిస్తే ఏరి తెచ్చుకుని మజ్జిగలో పిండుకునే మనిషిని. ఆ వాసన తగిలిందంటే చాలు, చనిపోయిన మా చిన్నత్త నన్ను పేరు పెట్టి పిలుస్తుంది.

మా ఊరు నౌపడకీ భావనపాడుకీ నడుమ, ఉప్పు మడులు ఒకవైపు, జీడితోటలు ఒకవైపు ఉన్న చిన్న ఊరు. ఊరి నుంచి పెద్ద రోడ్డుకి ఒకటే తోవ. ఎర్రమట్టి తోవ. నా చిన్నతనంలో రుతువులన్నీ నాకు ఆ తోవ మీదే తెలిసేవి. ఎండాకాలం మోకాళ్ళ దాకా ఎర్రటి దుమ్ము, మొగలిపొదల నీడలో తాటిముంజెలు కొట్టే వాళ్ళ కత్తుల చప్పుడు, ఉప్పు బండ్ల నుంచి రాలిన గళ్ళుప్పు ఏరుకుని పచ్చిమామిడి ముక్కకి అద్దుకు తినడం, మధ్యాహ్నం ఆ మట్టి కాలుతుంటే నీడ నుంచి నీడకి గెంతుతూ ఇంటికి చేరడం. వానాకాలం బండి గాడుల్లో నిలిచిన నీళ్ళల్లో తువ్వాలు పరిచి పరిగె చేపలు పట్టడం, పట్టినవాటిని దోసిట్లో తెస్తే మామ్మ "ఇవేటే, కూరకా, కంటికి కాటుక్కా" అని నవ్వడం. శీతాకాలం తెల్లవారుతూనే మంచుకి తడిసి మెత్తబడ్డ ఆ మట్టి మీద కాలివేళ్ళతో గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడడం, కాల్చిన తేగల పొగ, తోవ పక్క జీడిమాను మీద చలికి ముడుచుకున్న కాకులు.

ఆ తోవకి సగం దూరంలో ఒక పల్లం ఉండేది. పడమటి పొలాల నీరంతా అక్కడ తోవని దాటి ఉప్పుటేరులోకి పోవాలి. నీటికి దారి లేక తోవనే దారి చేసుకునేది, ఏటా కోసేసేది. మా తాత బతికుండగా దానికి ఊరి దగ్గర ఒక పద్ధతుండేది. ఏరువాక ముందు ఒక రోజు ఇంటికో మనిషి పార, తట్ట పట్టుకుని తోవ మీదికి రావాలి. మగవాళ్ళు లేని ఇంటి నుంచి ఆడమనిషి వచ్చేది. కోసిన చోట రాయి, మట్టి పోసి, దిమ్మిసలతో కొట్టి, చివరికి మా తాత చెంబుడు నీళ్ళు తెచ్చి తోవ నడుమ పోసేవాడు. నీళ్ళు రెండుగా చీలి రెండు పక్కలకీ జారితే పని బాగున్నట్టు. ఒక్క చోట నిలిచిపోతే మళ్ళీ పారలు లేచేవి. పని అయ్యాక కూచున్న చోటే చోడి అంబలి, ఉల్లిపాయ, నిప్పుల మీద కాల్చిన ఎండుచేప. ఆ చేప వాసనకి ఊళ్ళో పిల్లలమంతా అక్కడే ఉండేవాళ్ళం. ఎవరూ ఎవరినీ పిలిచేవారు కాదు. రాని ఇంటిని ఎవరూ తిట్టేవారూ కాదు. ఆ ఇంటివాళ్ళు మర్నాడు తమంత తామే వచ్చి ఇంకో తట్ట మట్టి పోసి వెళ్ళేవారు.

తర్వాత తోవని పంచాయతీ తీసుకుంది. మంచిదే. గ్రావెలు తోలిస్తామంది, కంట్రాక్టరు వచ్చాడు, లారీ వచ్చింది, ఊరు పారల్ని అటక ఎక్కించింది. గ్రావెలు మాత్రం రెండు సందర్భాల్లోనే పడేది. అమ్మవారి సంబరానికి ఘటాలు ఆ తోవన వస్తాయి గనక సంబరం ముందు ఒకసారి, ఓట్లు వస్తే మరోసారి. వాన ఎప్పుడొస్తుందన్నది ఎవరి లెక్కలోనూ లేదు. పల్లంలో పోసిన గ్రావెలు మొదటి వానకే ఉప్పుటేరు పాలయ్యేది. మా నాన్న రైతు, పంచాయతీలో వార్డు మెంబరు కూడా. వాదన ఆయనకి చుట్టకంటే ఎక్కువ అలవాటు. ఎద్దుకి కూడా ములుకోల ఎందుకో తెలియాలంటాడని ఊళ్ళో ఆయన్ని వెక్కిరించేవారు. ఆయన మీటింగు మీటింగుకీ పోట్లాడి చివరికి పల్లంలో తోవ కింద వేయడానికి నాలుగు సిమెంటు తూరలు తెప్పించాడు. మనిషి వంగి దూరేటంత లావు గొట్టాలు. లారీ వాటిని పల్లం పక్కన గట్టు మీద దొర్లించి పోయింది.

అంతే. తూరలు తేవడం ఒక పని, తవ్వి పాతడం మరో పని అని మా ప్రెసిడెంటు చెప్పాడు. మొదటిది శాంక్షనయింది, రెండోది మండలాఫీసులో ఉంది. మా నాన్నకి ఆయన వరసకి బావ.

"తూరలొచ్చినాయి కదా బావా, కూసింత ఓపిక పట్టు. పిల్లొచ్చినాక పెళ్ళవదేటి" అన్నాడు.

"పిల్ల గట్టు మీద ఎండిపోతన్నాది. అదే నా బాధ" అన్నాడు మా నాన్న.

పెద్దవాళ్ళకి అది బాధ. పిల్లలకి పండగ. ఆ తూరలు మాకు మేడలయ్యాయి. బయట ఎండ మండుతుంటే లోపల చల్లగా, పచ్చి సిమెంటు వాసనతో, వీపుకి గరుకుగా. గచ్చకాయలు, చింతపిక్కలు, కొబ్బరిచిప్పల గిన్నెలు, మా కాపురాలన్నీ వాటిలోనే. మా చిన్నత్త వరాలు, నాన్నకి చెల్లెలు, అప్పుడు పురిటికి పుట్టింటికొచ్చి ఉంది. సాయంత్రాలు కాళ్ళు తిమ్మిరెక్కకుండా తోవ మీద నడిచేది, నన్ను వెంటేసుకుని. పల్లం దగ్గరికొచ్చాక నన్ను తూర అవతలి మూతి దగ్గర నిలబెట్టి, తను ఇవతల పెద్ద పొట్టతో ఆయాసపడుతూ కూచుని, లోపలికి నోరు పెట్టి "బుల్లీ" అని పిలిచేది. ఆ పిలుపు గొట్టమంతా దొర్లుకుంటూ వచ్చి, పెద్దదై, వెచ్చగా నా చెంపకి తగిలేది. నేను "ఊ" అనేదాన్ని. నా "ఊ" దొర్లుకుంటూ తన దగ్గరికి పోయేది. కడుపులో గుంటడు కూడా పలుకుతున్నాడని అత్త నవ్వేది. ఎన్ని సాయంత్రాలో మాకు అదే ఆట.

దసరా వెళ్ళాక వాయుగుండం పట్టింది. ఆ ముసురులోనే అత్తకి నొప్పులొచ్చాయి. మంత్రసాని చెయ్యి దాటిపోయిందంది. మిట్టమధ్యాహ్నం బండిలో గడ్డి వేసి, దుప్పటి పరిచి, అత్తని పడుకోబెట్టి, మీద తాటాకు గిడుగులు పట్టుకుని పెద్దాసుపత్రికి బయల్దేరారు. నన్ను ఇంట్లో ఉంచారు. కాసేపటికి బండి తిరిగి వస్తుంటే అత్తకి అప్పుడే పాప పుట్టేసిందనుకుని నేను సంతోషంగా వీధిలోకి పరిగెత్తాను. తర్వాత పెద్దవాళ్ళ మాటల్ని బట్టి తెలిసింది ఏమంటే, పల్లంలో చక్రం ఇరుసు దాకా దిగిపోయింది. ఎద్దులు మోకాళ్ళ మీద పడ్డాయి. నడుం లోతు నీళ్ళలో మగవాళ్ళు బండి ఎత్తడానికి పెనుగులాడుతుండగానే, బండిలో మా మామ్మ ఒళ్ళో, అత్తా లోపలి బిడ్డా కూడా పోయారు. ఆ నీరంతా పారాల్సిన నాలుగు తూరలూ పక్కన గట్టు మీద పొడిగా, నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

ఆ శీతాకాలమే తూరలు ఏడవడం మొదలుపెట్టాయి.

పొద్దు వాలే వేళ సముద్రం మీంచి గాలి తిరిగినప్పుడు పల్లం వైపు నుంచి "ఊ" అని సన్నగా మొదలై, లావై, తెగిపోయి, మళ్ళీ మొదలయ్యేది. పురిట్లో పోయిన ఆడది, కడుపులో బిడ్డతో పోయినది, ఊరికి అంతకంటే ఏం కావాలి. వరాలు దెయ్యమయిందన్నారు. చీకటి పడకముందే తోవ ఖాళీ అయ్యేది. పాలవాడు పొలంగట్ల మీంచి చుట్టు తిరిగి వచ్చేవాడు. తల్లులు పిల్లల మొలతాళ్ళకి ఇనప ముక్కలు కట్టారు. ఎవరో వచ్చి తూరల మూతుల్లో గడ్డి, మట్టి ముద్దలు కుక్కి, మీద నిమ్మకాయలు పెట్టి పోయారు. బతుకంతా తెలిసిన పిల్ల, ఎవరింట్లో పెళ్ళయినా పసుపు దంచిపెట్టిన పిల్ల, రాత్రికి రాత్రి ఆ ఊరికి భయమయిపోయింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఒక మనిషిని గొయ్యి చంపింది. గొయ్యిని వదిలేసి మనిషికి భయపడ్డారు.

ఈ దెయ్యం వల్ల బాగుపడింది పంచాయతీ ఒక్కటే. అంతవరకూ తూరలు పాతనందుకు ప్రెసిడెంటు ఏదో ఒక సాకు వెతుక్కోవాల్సి వచ్చేది. ఇక అక్కర్లేకపోయింది. "మనదేటుంది బావా, కూలీ ఎవుడూ ఆ సోట పార ఎయ్యనంతన్నాడు" అని చేతులు దులుపుకున్నాడు. జీతం భత్యం లేకుండా పంచాయతీకి ఆ దెయ్యమంత నమ్మకంగా పనిచేసిన ఉద్యోగి మరొకరు లేరు.

మా నాన్న ఊరుకోలేదు. ఒకనాడు టీ బడ్డీ దగ్గర పదిమందిలో ఖాళీ సోడా సీసా తీసుకుని, మూతి మీద అడ్డంగా ఊదాడు. "ఊ" అంది సీసా. చిన్నగొట్టానికి నా ఊపిరి, పెద్దగొట్టానికి సముద్రం గాలి, ఇంతకంటే ఏమీ లేదని చెప్పాడు. అందరూ శ్రద్ధగా విన్నారు. బడ్డీవాడు ఆ సీసాని రెండు వేళ్ళతో పట్టుకుని దూరంగా పెట్టాడు.

"నువ్వు సెప్పింది నిజమే గానీ బాబూ, ఇందులోకీ ఒచ్చీసినాదేటో" అన్నాడు.

ఊరి సంగతి అలా ఉంటే, మా ఇంట్లో సంగతి వేరు. మా మామ్మ రోజూ సాయంత్రం అందరూ ఇళ్ళకి చేరే వేళకి అంబలి ముంత పట్టుకుని పల్లానికి బయల్దేరేది. నన్నెవరూ ఆపకపోతే నేనూ వెళ్ళేదాన్ని. తూరల్లో కుక్కిన గడ్డీ మట్టీ ఆమె ఓపిగ్గా వేళ్ళతో పెరికి పారేసేది. నిమ్మకాయల్ని ఉప్పుటేట్లోకి విసిరేసేది. తర్వాత అంబలి ముంత ఒక తూర ముందు పెట్టి, దాని మూతికి చెవి ఆనించి కూచునేది. గాలి తిరిగేది. "ఊ" వచ్చేది. మామ్మ మొహంలో భయం ఉండేది కాదు. వంటింట్లోంచి కూతురి మాట వింటున్న తల్లి మొహం ఎలా ఉంటుందో అలా ఉండేది. కొంగుతో తూర అంచు తుడిచేది. నేను ఆమె పక్కన ముడుచుకుని కూచుని, నా పేరు వినిపిస్తుందేమోనని ఎదురుచూసేదాన్ని. వస్తే "ఊ" అనాలా వద్దా అన్నదే నా భయమంతా.

ఎండాకాలం ముగిసే ముందు నాన్న ఒక నిర్ణయానికొచ్చాడు. శాంక్షన్ల కోసం చూస్తే మళ్ళీ వాన వస్తుంది. పాత పద్ధతే మంచిదని, ఇంటికో మనిషి రావాలని ఊరంతా తిరిగి చెప్పాడు. అనుకున్న రోజు పొద్దున పల్లం దగ్గరికి వెళ్తే మా పెదనాన్న, ఇద్దరు ముగ్గురు చుట్టాలు తప్ప ఎవరూ లేరు. మిగతా ఊరంతా దూరంగా జీడిమానుల కింద నిలబడి చూస్తోంది. అందరికంటే ముందొచ్చి, తూరకి వీపు ఆనించి కాళ్ళు చాపుకు కూచున్నది మా మామ్మ.

"లెగమ్మా. గొయ్యి తవ్వాల" అన్నాడు నాన్న.

"తవ్వుకో. తూరలు ముట్టకు."

"తూరలు పాతకపోతే గొయ్యెందుకే."

"దాని గొంతు మట్టిలో పాతేత్తావేట్రా? మనిషిని పాతీసినావు సాలదా?"

"అది గొంతు కాదమ్మా. గాలి. నీకెన్నిసార్లు సెప్పాల."

"గాలని నాకు తెలీదనుకున్నావేట్రా" అంది మామ్మ. "గాలే. అయితే ఏటి? నాకు అదొక్కటే మిగిలినాది."

ఊరందరితో వాదించిన మా నాన్న పార కింద పెట్టి ఆమె పక్కనే మట్టిలో కూలబడ్డాడు. ఎండ ఎక్కింది. అప్పుడు పెద్ద రోడ్డు వైపు నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వస్తూ కనిపించారు. టీ బడ్డీవాడి కోడలు, నెలలు నిండిన మనిషి, ఆసుపత్రిలో చూపించుకుని తన అత్తగారితో కలిసి నడిచి వస్తోంది. పల్లం దగ్గరికొచ్చేసరికి ఆ పిల్ల ఆగిపోయింది. తూరల వైపు చూసి మొహం తిప్పుకుని, దెయ్యం కంట పడకుండా పొట్ట మీద కొంగు కప్పుకుని, గాడులు పడ్డ గోతిలో కాలు ఎక్కడ పెట్టాలో తెలియక తడుముకుంటూ దిగింది. మడమ మెలికపడి తూలింది. అత్తగారు పట్టుకుంది. మామ్మ అప్పటికే లేచి నిలబడింది.

ఆ పిల్ల గట్టెక్కి జీడిమానుల వైపు వెళ్ళేదాకా మామ్మ కదల్లేదు. తర్వాత నాన్న వైపు తిరిగి అడిగింది.

"పాతినాక ఇందులోంచి నీళ్ళెల్తే సప్పుడొత్తాదా?"

అబద్ధం చెప్పడం రాని మా నాన్న కాస్త ఆలోచించి, "వొత్తాదమ్మా. వానొచ్చినప్పుడు" అన్నాడు.

"మరలగైతే పాతు. ఒక్క గొంతు ఇనడానికే నా పేణం సాల్లేదు. రెండోది నాను ఇన్నేను."

అని, పార తనే తీసుకుని తోవ నడుమ మొదటి దెబ్బ వేసింది. ముసలి చేతుల దెబ్బ, పిడికెడు మట్టి కూడా లేవలేదు. కానీ దెయ్యం తల్లే తవ్వుతుంటే ఇక దెయ్యానికి భయపడేదేముంది. జీడిమానుల కింద నుంచి మొదట బడ్డీవాడు కదిలాడు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. కొందరు పారల కోసం ఇళ్ళకి పరిగెత్తారు. సాయంత్రానికి నాలుగు తూరలూ ఒకదానికొకటి మూతులానించి తోవ కింద పడుకున్నాయి. మీద రాయి, మట్టి, దిమ్మిస. ప్రెసిడెంటు కూడా వచ్చి ఒక తట్ట మోసి, అందరికీ కనపడేలా చెమట తుడుచుకున్నాడు. తాత లేడు గనక చెంబుడు నీళ్ళు నాన్నే పోశాడు. నీళ్ళు రెండుగా చీలి జారాయి.

మొదటి పెద్దవానకి ఊరు ఊరంతా చూడ్డానికెళ్ళింది. పడమటి పొలాల నీరు ఎర్రగా, నురగలతో వచ్చి తూర మూతిలోకి దూరి, అవతల ఉప్పుటేట్లోకి దూకుతోంది. తోవ తోవలాగే ఉంది. మామ్మ గిడుగు వేసుకుని గట్టు మీద వంగి చాలాసేపు వింది.

"ఏటంతన్నాది మామ్మా?" అని అడిగాను.

"నీళ్ళెల్తన్నాయి. అంతేనే" అంది. నిమ్మళంగానే అంది. ఆ తర్వాత ఎప్పుడూ సాయంత్రాలు అక్కడికి వెళ్ళలేదు.

నాకు మాత్రం ఆ హోరులో "బుల్లీ" అని స్పష్టంగా వినిపించింది. నేను ఎవరికీ చెప్పలేదు. కొంగుతో తూర మూతి తుడిచిన మామ్మ నీళ్ళని నీళ్ళలాగే వినడం నేర్చుకుంది. వాదించడం నేర్చుకున్న నేను నేర్చుకోలేకపోయాను.

మా వీధి సిమెంటు వాసన భరించలేక కిందటి వారం బస్సెక్కి ఊరెళ్ళాను. తోవ ఇప్పుడు సిమెంటు రోడ్డు. రోడ్డు మొదట్లో నల్లరాతి ఫలకం, దాని మీద వరసగా నాయకుల పేర్లు. నిమ్మకాయలు మాత్రం అక్కడే ఉన్నాయి, పల్లంలో, కుళ్ళి, పసుపు పూసిన గుమ్మడికాయ ముక్కల పక్కన. కిందటి వానల్లో అక్కడ నీళ్ళు రోడ్డు మీంచి పారి ఆటో ఒకటి బోల్తా పడిందట. పాతకాలంలో ఎవరో పురిట్లో పోయిన ఆడమనిషి ఉందట, ఆవిడ మళ్ళీ లేచిందట. నాకీ సంగతి చెప్పిన అమ్మాయి స్కూటరు బండి మీద కూచుని ఫోను చూసుకుంటూ చెప్పింది. ఆ ఆడమనిషి పేరు ఆమెకి తెలియదు. రోడ్డు ఎత్తు చేసినప్పుడు పోసిన మట్టి పక్కలకి జారి తూర మూతుల్ని పూడ్చేసిందని నేను చెప్పాను.

"ఇక్కడ తూరలున్నాయేటి మేడమ్?" అంది.

గ్రామ సచివాలయంలో అడిగితే అక్కడున్న కుర్రాడు మర్యాదగానే కుర్చీ వేశాడు. ఆ చోట కల్వర్టు ఉన్నట్టు తమ దగ్గర లేదన్నాడు. ఉండదు. దాన్ని ఏ ఆఫీసూ వేయలేదు. కొత్తగా కావాలంటే ప్రతిపాదన పెడతానన్నాడు, పెట్టమన్నాను, పెట్టేదాకా వస్తూనే ఉంటానని కూడా చెప్పాను. బయటికొచ్చి బండి మీది అమ్మాయిని అడిగాను, ఇంటికో మనిషి పార పట్టుకొస్తే ఒక్క పూట పని కాదా అని.

"అది పంచాయతీ పని కదా మేడమ్" అంది. తప్పుగా ఏమీ అనలేదు. ఒకప్పుడు నాన్న దానికోసమే పోట్లాడాడు. కానీ పంచాయతీ అంటే ఎవరో ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. మామ్మ చేతిలో పార చూసిన వాళ్ళెవరూ ఇప్పుడు ఆ ఊళ్ళో లేరు. చెంబుడు నీళ్ళు పోసి తోవని అడిగే అలవాటూ లేదు. కాల్చిన ఎండుచేప కోసం తోవ మీద చేరే పిల్లలూ లేరు.

గట్టు దిగి, నిమ్మకాయల్ని కాలితో పక్కకి తోసి, ఎండు తాటిమట్ట ఒకటి తీసుకుని తవ్వాను. మట్టి, ప్లాస్టిక్ సంచులు, మళ్ళీ మట్టి. చాలాసేపటికి గుండ్రటి సిమెంటు అంచు చేతికి తగిలింది. నాచు పట్టి, గరుకుగా, చల్లగా. చెయ్యి దూరేటంత సందు చేశాను. అదే వాసన వచ్చింది. చెవి ఆనించాను. ఏమీ లేదు. నోరు పెట్టి "అత్తా" అని పిలిచాను. నా గొంతు నా మొహానికే కొట్టుకుని ఆగిపోయింది.

పలకదు. అవతలి మూతి కూడా తీయాలి. పార కోసం ఊళ్ళోకి నడిచాను.